పెళ్లి భోజనాల సీజన్: ఫుడ్ అలర్జీ ఉన్న పిల్లలున్న ఇంట్లో ముందు జాగ్రత్తలు

మాఘం వచ్చిందంటే శుభలేఖలు వరుసకడతాయి. ఇంట్లో పల్లీలకో, జీడిపప్పుకో, పాలకో, గుడ్డుకో, రొయ్యలకో అలర్జీ ఉన్న పిల్లలుంటే శుభలేఖ చేతికందిన రోజే పని మొదలుపెట్టాలి. బంతిలో కూర్చున్నాక, ఆకులో వడ్డించేశాక ‘ఇందులో ఏం వేశారు బాబూ’ అని అడిగితే వడ్డించే కుర్రాడికి తెలియదు. అతను వండలేదు కదా! తెలియకపోయినా ‘ఏం లేదండీ, తినండి’ అనేస్తాడు. ఆ జవాబును నమ్మి పిల్లకు ముద్ద పెట్టకండి.

ముందుగా, మీ పిల్లకు ఉన్నది అలర్జీయేనా అన్నది తేలాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు మాత్రమే అయితే అది చాలావరకు పాలలోని చక్కెర అరగకపోవడం. ఇబ్బందే గానీ ప్రాణాపాయం కాదు. అలర్జీ వేరు. అందులో శరీరం ఆహారంలోని ప్రోటీన్‌ను శత్రువుగా లెక్కగట్టి ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. మళ్లీ అదే పదార్థం లోపలికి వెళ్లినప్పుడు హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, దగ్గు, పిల్లికూతలు కనిపిస్తాయి. ఏది తిన్నాక ఎంతసేపటికి ఏం జరిగిందో డాక్టరుకు వివరంగా చెప్పి, చర్మంపై చేసే ప్రిక్ టెస్టో, ఐజీఈ రక్తపరీక్షో చేయించండి. వందల పదార్థాలకు ఒకేసారి చేస్తామనే, ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీని చూసే ప్యాకేజీలకు డబ్బు తగలేయకండి. ఆ పదార్థం ఎప్పుడో తిన్నారన్న సంగతే ఐజీజీ చెబుతుంది, అలర్జీ ఉందని కాదు.

ఇక వంటల సంగతి. కళ్లకు కనిపించే జీడిపప్పును ఏరి పక్కన పెట్టొచ్చు. కనిపించని పొడులు, ముద్దలే ప్రమాదం. గుత్తివంకాయ మసాలాలో పల్లీలు, నువ్వులు రెండూ ఉంటాయి. బిర్యానీ పక్కన పోసే మిర్చి కా సాలన్ కూడా అంతే. పులిహోరలో తాలింపు పల్లీలు తీసేసినా కొన్ని ఊళ్లలో నువ్వుల పొడి కలుపుతారు. పనీర్ కూర, కుర్మా చిక్కగా, తెల్లగా ఉన్నాయంటే జీడిపప్పు ముద్ద పడిందనే అనుకోండి. పొద్దున టిఫిన్‌లో ఇడ్లీకి వేసే చట్నీ కొబ్బరిదని చెప్పినా, కొబ్బరి ఖరీదు పెరిగినప్పుడు అందులో పల్లీలు పడతాయి. గేటు దగ్గర చేతిలో పెట్టే బాదం పాలను చాలామంది భోజనంలో లెక్కే వేయరు. గోధుమ పడని పిల్లలకైతే ఇంగువ కూడా చూసుకోవాలి. బజారులో దొరికే కూటు ఇంగువలో మైదా కలుస్తుంది. అది సాంబారులో, రసంలో, పులిహోరలో, అన్నింటిలోనూ ఉంటుంది.

నూనె విషయం విడిగా చెప్పాలి. బాగా శుద్ధిచేసిన రిఫైన్డ్ వేరుశనగ నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు. గానుగ నూనెలో మాత్రం మిగులుతుంది. ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు చాలా ఇళ్లలో గానుగ పల్లీ నూనే వాడుతున్నారు కాబట్టి చుట్టాలింట్లో ఏ నూనె అని కచ్చితంగా అడగాలి. నూనె ఏదైనా బాణలి ఒకటే అయితే మరో చిక్కు. రొయ్యల వేపుడు తీసిన నూనెలోనే బజ్జీలు వేస్తే రొయ్య అలర్జీ ఉన్నవాళ్లకు ఆ బజ్జీ కూడా పనికిరాదు. రొయ్యలోని అలర్జీ ప్రోటీన్ వేడికి నశించదు. రొయ్య పడనివాళ్లలో చాలామందికి పీత కూడా పడదు. చేప సంగతి వేరు, దాన్ని విడిగా పరీక్షించుకోవాలి.

పెళ్లిలో భోజనం కానిది కూడా నోట్లోకి వెళుతుంది. పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి. మర్నాడు సత్యనారాయణ వ్రతంలో గోధుమ రవ్వ ప్రసాదం. ఎవరో తెచ్చి పంచే తిరుపతి లడ్డూలో శనగపిండి, నెయ్యి, జీడిపప్పు. సారెలో అరిసెల మీద నువ్వులు. ప్రసాదాన్ని కాదనడానికి పెద్దవాళ్ల మనసు ఒప్పదు. కళ్లకద్దుకుని తల్లి చేతికిచ్చేయమని పిల్లకు ముందే నేర్పండి. అందులో అపచారం ఏమీ లేదు.

శుభలేఖ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి వంటమేస్త్రి నంబరు తీసుకోండి. ‘మా పాపకు పల్లీలు పడవు’ అని ఊరుకుంటే ఆయన దురదో, దగ్గో అనుకుంటాడు. ‘పల్లీ పొడి కొంచెం తగిలినా ఊపిరాడదు, ఆస్పత్రికి పరుగెత్తాలి’ అని నేరుగా చెప్పండి. పప్పు, తెల్ల అన్నం గిన్నెల్లోంచి మసాలా గరిటె తగలకముందే కాస్త విడిగా తీసిపెట్టమని అడిగితే చాలామంది మనస్ఫూర్తిగా చేస్తారు. అలర్జీ తీవ్రమైనదైతే మాత్రం నా సలహా మొహమాటం లేకుండా ఇంటి క్యారియర్ తీసుకెళ్లడమే. క్యారియర్ విప్పితే ఎవరైనా నొచ్చుకుంటారేమోనన్న బెంగ వద్దు.

ప్యాకెట్ స్వీట్లకు లేబుల్ ఉంటుంది. దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లీలు, జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా ఉంటే ప్రకటించాలి. నువ్వులు, ఆవాలు ఆ జాబితాలో లేవు. అమెరికాలో 2023 నుంచి నువ్వులను కూడా ప్రకటిస్తున్నారు. అక్కడి అలవాటుతో పెళ్లికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ లేబుల్‌లో నువ్వుల పేరు కనిపించలేదని ధీమాగా ఉండకూడదు.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన విషయం, మందు. దద్దుర్లకు తోడు ఊపిరి ఇబ్బంది, గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, ఆగని వాంతులు, కళ్లు తిరగడం, పిల్ల ఒక్కసారిగా నీరసించి వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ దాడి. ఒక్కోసారి దద్దుర్లు లేకుండానే వస్తుంది. దానికి మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. సెటిరిజిన్ మాత్ర దురద తగ్గిస్తుంది గానీ గొంతు వాపును, పడిపోతున్న బీపీని ఆపలేదు. మాత్ర వేసి ‘చూద్దాం’ అని కూర్చున్న ఆ పావుగంటే ప్రాణం మీదికి తెస్తుంది.

బటన్ నొక్కితే పొడుచుకునే అడ్రినలిన్ పెన్నులు మన మందుల షాపుల్లో తేలికగా దొరకవు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు రెండు వెంట తెచ్చుకోవాలి. ఇక్కడివాళ్లకు ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు గొట్టం), సిరంజి రాసివ్వమని డాక్టరును అడగండి. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, పిల్లలకు 0.3, పెద్దలకు 0.5 మిల్లీగ్రాములు దాటకుండా. మీ పిల్ల బరువుకు సిరంజిలో ఏ గీత దాకా లాగాలో డాక్టరు చేతే గుర్తు పెట్టించుకోండి. ఆంప్యూల్ విరిచి మందు లాగడం ఆయన ముందే సాధన చేయండి. తొడ బయటివైపు మధ్యభాగంలో, కండలోకి ఇవ్వాలి. మందును ఎండలో నిలిపిన కారులో వదలకండి. పెళ్లి బట్టల బ్యాగు అడుగున కాదు, పిల్ల పక్కనుండే మనిషి భుజాన ఉండాలి. ఆ మనిషి ఎవరో ఇంట్లోనే తేల్చుకోండి. తల్లి పీటల దగ్గర, తండ్రి వియ్యాలవారి మర్యాదల్లో ఉంటే పిల్ల ఎవరి కంటికీ ఆనదు.

ఇంజెక్షన్ ఇచ్చాక 108కి ఫోన్ చేయండి. పిల్లను పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టొచ్చు. నిలబెట్టడం, నడిపించడం వద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే డాక్టరు ముందే చెప్పి ఉంచిన రెండో మోతాదు ఇవ్వండి. పిల్ల లేచి ఆడుకుంటున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత అదే దాడి మళ్లీ రావచ్చు కాబట్టి అక్కడ పరిశీలనలో ఉంచుతారు.

ఉబ్బసం కూడా ఉన్న పిల్లలకు ఈ అలర్జీ దాడులు మరింత తీవ్రంగా వస్తాయి. మాఘం చలిలో పిల్లికూతలు వినిపిస్తుంటే ప్రయాణానికి ముందే ఇన్‌హేలర్ మోతాదు డాక్టరుతో సరిచూసుకోండి.

‘ఒక్క ముక్కకు ఏం కాదు, అలవాటు చేస్తే అదే పోతుంది’ అనే పెద్దమ్మలు, బాబాయిలు ప్రతి పెళ్లిలోనూ ఉంటారు. ప్రేమతోనే అంటారు. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తినిపించే చికిత్స ఉన్న మాట నిజమే, కానీ అది ఆస్పత్రిలో మొదలుపెట్టాల్సింది, పెళ్లి పందిట్లో కాదు. వాళ్లతో వాదించకుండా గత ఏడాది వచ్చిన వాపు ఫొటో ఫోన్‌లో ఉంటే చూపించండి. పిల్ల ఆకులో ఏదైనా వేసే ముందు మిమ్మల్ని అడగమని చెప్పండి.