రూస్ట్ మీదున్న గాబ్లర్‌ని ఎప్పుడు పిలవాలి

అమెరికాలో వసంతకాలపు టర్కీ వేట చాలా ఉదయాలు పుంజు చెట్టు దిగకముందే చెడిపోతుంది. కారణం ఎక్కువగా ఒకటే: తొందరపడి, గట్టిగా, పదేపదే పిలవడం.

అడవి టర్కీకి చీకట్లో చూపు ఆనదు. అందుకే పొద్దు గుంకే వేళకు ఎత్తైన చెట్టెక్కి కొమ్మ మీద పడుకుంటుంది. వేటగాళ్లు ఆ చెట్టునే రూస్ట్ అంటారు. తెల్లవారుతుండగా పుంజు, అంటే గాబ్లర్, ఆ కొమ్మ మీది నుంచే కూస్తుంది. తానెక్కడుందో పెట్టలకు తెలిస్తే అవే నడిచి వస్తాయి. వాటి లోకంలో మామూలుగా జరిగేది అదే. పెట్ట గొంతుతో పిలిచి పుంజునే రప్పించాలనుకున్నప్పుడు మనం ఆ వరసను తిరగేస్తున్నాం. పుంజు చెట్టు మీద ఉన్నంతసేపు దానికి తొందరేమీ లేదు, పైగా కింద నేలంతా కనబడుతుంది. పెట్ట మాట్లాడుతూనే ఉంటే 'వస్తోందిలే' అనుకుని అక్కడే కూర్చుని కూస్తుంది. పెట్ట ఒక్కసారి పలికి ఊరుకుంటే మాత్రం వెతుక్కోవడానికి దిగుతుంది. కింద చెప్పే వేళలన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడ్డాయి.

ముందురోజు సాయంత్రం

పొద్దు గుంకడానికి అరగంట ముందు నుంచి పూర్తిగా చీకటి పడేదాకా ఏదైనా గట్టు మీద నిలబడి వినండి. అంత బరువైన పక్షి చెట్టెక్కుతుంటే రెక్కల చప్పుడు దూరానికి కూడా తెలుస్తుంది. ఏమీ వినబడకపోతే బార్డ్ అనే జాతి గుడ్లగూబలా ఎనిమిది స్వరాల కూత ఒకసారి కూయండి. పుంజు ఉలిక్కిపడి బదులు కూస్తుంది. దాన్నే షాక్ గాబుల్ అంటారు. ఈ వేళ పెట్ట పిలుపు పిలవకండి. దానివల్ల ఒరిగేదేమీ లేదు, పుంజుకు అనుమానం రావచ్చు కూడా. చెట్టు ఎటువైపుందో ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, 200 గజాల కన్నా దగ్గరకు వెళ్లకుండా, చీకటి పడ్డాకే కదలండి.

కూర్చునే చోటు

సూర్యోదయం 6:30కి అనుకుందాం. 5:30 కల్లా చెట్టుకు వీపు ఆనించి కూర్చుని ఉండాలి. పబ్లిక్ భూముల్లో ఇతర వేటగాళ్లకు మీరు కనబడేలా టార్చి వేసుకునే నడవండి. రూస్ట్ దగ్గర పడ్డాక వెలుతురు పాదాల దగ్గరకు దించేయండి.

చెట్లింకా ఆకులు వేయని తొలి రోజుల్లో రూస్ట్‌కి 150 గజాల దూరం మంచిది. ఆకు దట్టమయ్యాక 100 గజాల దాకా వెళ్లొచ్చు. పడమటి రాష్ట్రాల్లో నది పక్కన కాటన్‌వుడ్ చెట్లు, చుట్టూ బయలు ఉన్నచోట 200 గజాలు కూడా దగ్గరే. పుంజుకూ మీకూ మధ్య వాగు, కంచె, చిక్కటి పొద లేకుండా చూసుకోండి. ఎగిరి దాటగలిగిన అడ్డంకి దగ్గర కూడా అది తరచూ ఆగిపోతుంది. మీరున్న చోటు రూస్ట్ పాదుకి సమానంగా గానీ కాస్త ఎత్తులో గానీ ఉండాలి.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పిలుపు వచ్చిన చోటు పుంజుకు కనబడేసరికే అది తుపాకీ పరిధిలోకి, అంటే 40 గజాల లోపలికి, వచ్చి ఉండాలి. గట్టు వంపు వెనక గానీ, పాత బండిబాట మలుపు దగ్గర గానీ కూర్చుంటే ఇది కుదురుతుంది. విశాలమైన మైదానం అంచున కూర్చుంటే 80 గజాల దూరంలోనే ఆగి చూస్తుంది. పెట్ట కనబడదు, తిరిగి వెళ్లిపోతుంది.

మొదటి పిలుపు

చీకట్లో పిలవొద్దు. నిజమైన పెట్టలు చీకట్లో నోరు విప్పవు. పైగా ఒక్క పిలుపుతోనే మీరున్న చోటు పుంజుకు ఖచ్చితంగా తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు కదలడానికి వీలుండదు. పుంజు తనంతట తానే కూస్తుంటే గుడ్లగూబ కూత కూడా అక్కర్లేదు. నిశ్శబ్దంగా ఉంటే ఒకసారి కూయండి, బదులు రాగానే ఆపేయండి. ఆ కూతల వల్ల పక్క లోయలో ఉన్న వేటగాడు కూడా ఇటే నడుచుకుంటూ వస్తాడు.

గడియారం కన్నా అడవిని నమ్మండి. ఎదురుగా ఉన్న చెట్ల కొమ్మలు విడివిడిగా కనబడాలి. చిన్న పిట్టలు మొదలుపెట్టి, కాకులు కూడా లేచి ఉండాలి. పుంజు కొన్నిసార్లు తనకు తానుగా కూసి ఉండాలి. ఆకాశం తేటగా ఉన్న రోజున ఇది సూర్యోదయానికి సుమారు 20 నిమిషాల ముందు, మన లెక్కలో 6:10 ప్రాంతంలో వస్తుంది. మబ్బు, మంచు, తుంపర ఉంటే ఇంకో పావుగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆగాల్సిందే. ఈ లోపల ఎక్కడైనా నిజమైన పెట్ట పలికిందంటే మీకూ వేళయినట్టే.

పిలవాల్సింది ట్రీ యెల్ప్. యెల్ప్ అంటే పెట్ట మామూలు పిలుపు, ట్రీ యెల్ప్ అంటే అది కొమ్మ మీది నుంచే మెల్లగా పలికేది. మూడు నాలుగు స్వరాలు, నిద్రమత్తులో ఉన్నట్టు, ముక్కుతో పలికినట్టు, వీలైనంత మెల్లగా. దీనికి స్లేట్ కాల్, అంటే పలక మీద స్ట్రైకర్ అనే పుల్లతో గీసి పలికించే సాధనం, అంత బాగా ఇంకేదీ పలకదు. స్ట్రైకర్‌ని పెన్సిల్లా పట్టుకుని, బరువు వేయకుండా చిన్న చిన్న సున్నాలు చుట్టండి. అంచు దగ్గర స్వరం సన్నగా, మధ్యకు వచ్చేకొద్దీ లావుగా వస్తుంది. ముందురోజే పలకను కాస్త గరుకు చేసి పెట్టుకోండి, వేళ్లతో దాని ముఖం తాకకండి. చర్మపు జిడ్డు అంటితే స్ట్రైకర్ జారిపోతుంది. తడిసిన స్లేట్ కూడా పలకదు, కాబట్టి వాన రోజున గ్లాస్ పలక, యాక్రిలిక్ స్ట్రైకర్ వాడండి. నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్ అయితే పెదవులు దాదాపు మూసి, చేయి అడ్డం పెట్టి పలికించండి. చెక్కపెట్టె మీద మూత రాసి పలికించే బాక్స్ కాల్ ఈ వేళకు మరీ గట్టిగా పలుకుతుంది, దాన్ని గాలి వీచే రోజుకు దాచుకోండి. వెలుతురు పెరిగాక స్లేట్‌ని పక్కన పెట్టి డయాఫ్రమ్‌కి మారాలి. చేతి కదలిక పుంజు కంట పడితే ఆ ఉదయం ముగిసినట్టే.

ఒకసారి పలికించాక వినండి. పుంజు వెంటనే కూసినా, మీ పిలుపు ముగియకముందే దాని మీద పడి కూసినా, ఇక ఆపేయండి. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. అది బదులిస్తున్నకొద్దీ మళ్లీ పిలవాలని చేతులు లాగుతాయి. కానీ అది వినింది, చోటు గుర్తు పెట్టుకుంది. బదులు రాకపోయినా కంగారు వద్దు. కొమ్మ మీదే తోక విప్పుకుని నిలబడి ఉండొచ్చు. ఐదు నిమిషాలు ఆగి, కొంచెం స్వరం పెంచి ఇంకొక్కసారి పిలవండి. దాని తర్వాత దిగే వేళ దాకా మౌనమే.

దిగే వేళ

పుంజులు సాధారణంగా సూర్యోదయానికి కాస్త అటూ ఇటుగా దిగుతాయి. నేల స్పష్టంగా కనబడేంత వెలుతురు వచ్చాక, లేదా ఎక్కడో ఒక పెట్ట దిగిన చప్పుడు వినబడ్డాక, మీరూ దిగినట్టు నటించాలి. ఎండబెట్టిన టర్కీ రెక్కతో, లేదంటే టోపీతో, తొడ మీద గబగబా ఐదారు దెబ్బలు కొట్టండి. దాంతో పాటే ఆరేడు స్వరాల ఫ్లై-డౌన్ కాకిల్, అంటే పెట్ట చెట్టు దిగుతూ కూసే కూత, పలికించండి. మొదట వేగం, చివరికొచ్చేసరికి నెమ్మదించాలి. తర్వాత చేత్తో ఎండాకులు గీరండి: ఒకటి, ఆగి వెంటవెంటనే రెండు, మళ్లీ విరామం. మేత వెతికే పెట్ట అలాగే గీరుతుంది. దీన్ని పది నిమిషాలు ముందుగా చేస్తే ఇంకా మసక చీకట్లోనే పెట్ట దిగిందని పుంజు కొమ్మ మీది నుంచి వెతుకుతుంది, ఏమీ కనబడక అక్కడే ఉండిపోతుంది.

దిగిన సంగతి కూతలోనే తెలుస్తుంది. చెట్టు మీది కూత ఖంగుమని మోగుతుంది. నేల మీద అదే కూత అణిగి, దూరం జరిగినట్టు వినబడుతుంది. ఈ తేడా తెలియక 'వెళ్లిపోతోంది' అనుకుని గట్టిగా పిలిచేవాళ్లు ఎక్కువ. రెండు మూడు నిమిషాలు ఆగండి. తుపాకీ మోకాలి మీద ఆని, గొట్టం అది వచ్చే వైపుకే చూస్తుండాలి. దగ్గరకొస్తుంటే పిలవొద్దు. నిజంగా దూరమవుతుంటే రెండు క్లక్‌లు (పొట్టి పలుకులు), మూడు యెల్ప్‌లు చాలు. 'డుమ్మ్' అని నేల అదిరినట్టు చిన్న ధ్వని వినబడితే అది చాలా దగ్గర్లో ఉంది, ఇక కదలొద్దు.

చుట్టూ పెట్టలుంటే

పుంజు పక్కనే నాలుగైదు పెట్టలు కూడా చెట్టెక్కి ఉంటే పైన చెప్పింది అంతగా పనిచేయదు. దాని పెట్టలు దాని కిందే దిగుతాయి, అది వాటి వెంట వెళ్తుంది. ఇక్కడ పుంజును వదిలేసి పెద్ద పెట్టతో మాట్లాడాలి. అది ఏం పలికితే అదే, దాని కన్నా ఒక పిసరు గట్టిగా, దాని మాట పూర్తికాకముందే తిరిగి పలకండి. దానికి కోపమొచ్చి తగవుకు వస్తే పుంజు వెనకే వస్తుంది. అయితే ఇది రెండంచుల పని. కొన్ని పెట్టలు పరాయి గొంతు వినగానే పుంజును ఎదురు దిక్కుకు తీసుకుపోతాయి. మొదటి రెండు జవాబులకే అవి దూరమైతే ఆపి, నోరు మూసుకుని ఉండటం మేలు. నిన్న అవి రూస్ట్ దిగి ఎటు నడిచాయో తెలిస్తే పిలుపు లేకుండా ఆ దారిలో కూర్చోవడం ఇంకా మంచిది.

దిగనే దిగకపోతే

సూర్యుడొచ్చి అరగంటైనా కొమ్మ మీదే కూస్తుంటే రెండే కారణాలు చూడండి: పిలుపు ఎక్కువైంది, లేదా చెట్టు కింద కొయొటీ (తోడేలు జాతి జంతువు) లాంటిదేదో తిరుగుతోంది. రెండింటికీ మందు ఒకటే, 20 నిమిషాల మౌనం. మధ్యలో ఆకులు గీరితే చాలు.

నియమాలు, జాగ్రత్తలు

కొమ్మ మీదున్న పక్షిని కాల్చడం చాలా రాష్ట్రాల్లో నేరం. చట్టం ఊరుకున్న చోట కూడా ఆ పని చేయకూడదు. బ్యాటరీతో పలికే ఎలక్ట్రానిక్ కాల్స్ టర్కీ వేటలో దాదాపు అంతటా నిషిద్ధం. వేట వేళలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి: న్యూయార్క్‌లో సూర్యోదయానికి అరగంట ముందు మొదలై మధ్యాహ్నం 12కి ముగుస్తుంది. పెన్సిల్వేనియాలో సీజన్ మొదటి భాగానికి కూడా అదే లెక్క. ఆ ఏటి వేట నియమాల పుస్తకం చూసుకునే బయల్దేరండి.

ఎరుపు, తెలుపు, నీలం బట్టలు ఒంటి మీద ఎక్కడా ఉండకూడదు. పుంజు తల రంగులు అవే. భుజాల కన్నా వెడల్పైన చెట్టుకు ఆనుకోండి. మరో వేటగాడు కనబడితే చేయి ఊపకుండా, నోరు తెరిచి గట్టిగా మాట్లాడండి. పుంజు కూత వినబడిన వైపు పాకుతూ వెళ్లొద్దు, అక్కడ కూస్తున్నది మనిషే కావచ్చు. అదే కారణంగా పబ్లిక్ భూమిలో పుంజు కూత కూయొద్దు.

పెట్టలతో వెళ్లిపోయిన పుంజును ఆ రోజుకి వదిలేయక్కర్లేదు. పెట్ట రోజుకొకటి చొప్పున పది పన్నెండు గుడ్లు పెట్టి, 28 రోజులు పొదుగుతుంది. పొద్దెక్కాక పెట్టలు ఒక్కొక్కటే గూటికి జారుకుంటాయి, పుంజు ఒంటరవుతుంది. 9 నుంచి 11 గంటల మధ్య అదే చోట కూర్చుని, 15 నిమిషాలకొకసారి ఐదారు యెల్ప్‌లు పలికించండి. ఈసారి కాస్త గట్టిగా పిలిచినా ఫర్వాలేదు. పొద్దున విన్న గొంతును వెతుక్కుంటూ అది కూత కూడా లేకుండా రావచ్చు, కాబట్టి లేచి నిలబడే ముందు చుట్టూ ఒకసారి నింపాదిగా చూడండి.