పిల్లలు లావెక్కకుండా: రాయగడ, పర్లాకిమిడి ఇళ్ళల్లో చేయదగ్గది

ముందు కొలవండి. కిలోల బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించి, వచ్చిన అంకెను వయసు పట్టికతో పోల్చమని డాక్టరుని అడగండి. పెద్దల్లో ఆ అంకె 25 దాటితే లావు అనే లెక్క పిల్లలకు పనికిరాదు.

అసలు చిక్కంతా బడి వదిలాకే. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది. బదులుగా చోడి (రాగి) అంబలి ఇవ్వండి, ఒడియా ఇరుగుపొరుగు మాండియా జావు అనేది ఇదే. రెండు పెద్ద చెంచాల పిండిని ముందు చన్నీళ్ళలోనే కలపాలి. నేరుగా వేడినీళ్ళలో వేస్తే ఉండ కడుతుంది. మరిగే గ్లాసున్నర నీళ్ళలో పోసి, పది నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు. బెల్లం వద్దు.

రోజూ గంట ఆట. పూట తిండి మాత్రం మానిపించకండి, ఆ ఆకలికి రాత్రి రెట్టింపు తింటారు. చుట్టాల ముందు "లావయ్యావురా" అనొద్దు, దయచేసి.