జేబు పుస్తకాన్ని రెండో బుర్రగా వాడటం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో లెక్కలు రాసే పని నాది. "గుర్తుంటుందిలే" అనుకోవడం, తర్వాత తల పట్టుకోవడం రోజూ చూస్తున్నదే. జేబులో పుస్తకం ఉన్నవాళ్లు కూడా తల పట్టుకుంటున్నారంటే, అందులో ఎలా రాయాలో తెలియకే.

చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం, బాల్‌పెన్ను చాలు. జెల్ పెన్ను వద్దు, మన ఎండలకు చెమట తగిలి అలుక్కుపోతుంది. పుస్తకం ఒక్కటే ఉండాలి. పేజీ పైన తేదీ వేసి, ఒక్కో పనికి ఒక్కో లైను వదలండి.

అసలు చిక్కంతా రాయడంలోనే. చాలామంది "తేజ 40 మంగళవారం" అని గీకి జేబులో పెట్టేస్తారు. రాసిన నిమిషంలో అది బాగానే అర్థమవుతుంది, ఎందుకంటే మిగతా సగం ఇంకా తలలోనే ఉంది. రెండు రోజులకు ఆ సగం ఎగిరిపోతుంది. తేజ రకం మిర్చి 40 టిక్కీలు, అంటే బస్తాలు, అమ్మాలా, కోల్డ్ స్టోరేజీ నుంచి తీయించాలా? ఇక టెన్షన్ మొదలు. అందుకే సంగతి తెలియని మనిషికి చెబుతున్నట్టు రాయాలి: "మంగళవారం పొద్దున కోల్డ్ స్టోరేజీ నుంచి తేజ 40 టిక్కీలు తీయించాలి. బాండు బావగారి దగ్గరుంది." బాండంటే సరుకు దాచినప్పుడు స్టోరేజీ వాళ్లిచ్చే రసీదు. ఏం చేయాలో చెప్పకుండా ఏ లైనూ ముగించొద్దు. చెప్పిన మనిషి కదలకముందే రాసి, పైకి చదివి వినిపించండి. అంకె తప్పయితే అక్కడే తేలిపోతుంది. టీ తాగొచ్చి రాద్దామనుకుంటే సగం మరిచిపోతారు.

ఇది చాదస్తం అనుకోకండి. ఆండీ క్లార్క్, డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్తలు 1998లో ఒక ఉదాహరణ చెప్పారు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్న ఒట్టో అనే కల్పిత వ్యక్తి, మ్యూజియం ఎక్కడుందో తన నోటుబుక్కులో చూసుకుని వెళ్తాడు. మనం తలలో వెతుక్కుంటాం, అతను పుస్తకంలో వెతుక్కున్నాడు, కాబట్టి ఆ పుస్తకం అతని మనసులో భాగమే అన్నారు. కాకపోతే అది ఎప్పుడూ వెంట ఉండాలి, కావలసింది ఇట్టే దొరకాలి, ఉన్నది అనుమానం లేకుండా నమ్మగలగాలి. అరకొర రాతల్ని ఎవరు నమ్ముతారు?

ఫోన్‌లో రాసుకోవచ్చుగా అంటారు. ఫోన్ తీయగానే వాట్సాప్ మెసేజ్ కనిపిస్తుంది, రాయాల్సింది పక్కకు పోతుంది. అలారానికి ఫోన్, మాటకు పుస్తకం.

పొద్దున బయల్దేరే ముందు, భోజనమయ్యాక, రాత్రి పుస్తకం చూడండి. అయిన పనిని ఒక్క గీతతో కొట్టేయండి, కింది అక్షరాలు కనపడాలి. పుస్తకం నిండితే మిగిలిన పనులు కొత్తదాని మొదటి పేజీకి ఎక్కించి, పాతదాని అట్ట మీద తేదీలు వేసి దాచండి. సీజన్ అయ్యాక లెక్కలో తేడా వస్తే తీసి చూసుకోవాల్సింది దాన్నే.