స్కాన్ నార్మల్, ఎముక ముక్కలు: షుగర్ ఉన్నవాళ్ల ఎముకల సమస్యలు - పరిష్కారాలు

మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, ఎంత నడవాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. నేను ఎముకల డాక్టర్ని. కట్టు కట్టి పంపిన మనిషే ఏడాది తిరక్కుండా ఇంకో ఎముక విరగ్గొట్టుకుని వస్తుంటే విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

సమస్య: నిలబడ్డ చోటే పడితే మణికట్టో తుంటో విరిగింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చూస్తే నార్మల్.

ముందు ఎత్తు కొలవండి. దీన్ని దాదాపు అందరూ దాటేస్తారు. గోడకు వీపు ఆనించి నిలబెడితే నిమిషం పని. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గితే, నొప్పి తెలియకుండానే వెన్నుపూస నలిగి ఉండొచ్చు. వెన్ను ఎక్స్‌రే తీయించండి.

కారణం: స్కాన్ అబద్ధం చెప్పదు, సగమే చెబుతుంది. అది లెక్కపెట్టేది ఖనిజాన్ని. టైప్ 2 షుగర్‌లో ఖనిజం మామూలుగానే, ఒక్కోసారి ఎక్కువగానే ఉంటుంది. కానీ ఎముకకు గట్టిదనం ఖనిజం ఇస్తే, దెబ్బకు కాస్త వంగి తట్టుకునే గుణం కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఇస్తుంది. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే అది కొల్లాజెన్ పోగులకు అతుక్కుని వాటిని బిగించేస్తుంది. హెచ్‌బీఏ1సీ పరీక్షలో చూసేది హిమోగ్లోబిన్‌కు ఇలా అతుక్కున్న చక్కెరనే. ఎర్రకణమైతే నాలుగు నెలల్లో పోతుంది. ఎముకలోని కొల్లాజెన్ ఏళ్లపాటు అలాగే ఉంటుంది.

ఇక ఎముకను కట్టే కణాలు, ఆస్టియోబ్లాస్టులు, మందగిస్తాయి. మూలుగలో వాటిగా మారాల్సిన మూలకణాలు కొన్ని కొవ్వు కణాలైపోతాయి. ఎముక లోపలి కణాలు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ ఎక్కువగా వదిలి, ఉన్న ఆస్టియోబ్లాస్టులను కూడా అణిచేస్తాయి. పాత ఎముకను తీసి కొత్తది వేసే పని నెమ్మదిస్తుంది, సన్నటి పగుళ్లు పూడవు. పాత ఎముకో కొత్త ఎముకో స్కాన్‌కు తెలీదు.

నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను. ప్రాక్టీసు కొత్తలో ఒకావిడ మణికట్టు విరిగి వచ్చారు. టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకతో పోల్చి స్కాన్ ఇచ్చే అంకె, మైనస్ 0.8. మైనస్ 1 వరకూ నార్మలే. "ఎముకలు బాగానే ఉన్నాయమ్మా" అని కట్టు వేసి పంపేశాను. తర్వాత తుంటి విరిగి స్ట్రెచర్ మీద వచ్చారు. ఫైలు తెరిస్తే, 'నార్మల్' పక్కన నేను పెట్టిన టిక్కు అలాగే ఉంది.

పరిష్కారం: టైప్ 2 ఉంటే టీ-స్కోరులోంచి ఇంకో 0.5 తీసేసి చదవండి. మైనస్ 2.0 వస్తే మైనస్ 2.5 కింద, అంటే ఎముకలు గుల్లబారినట్టు (ఆస్టియోపోరోసిస్) లెక్క. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2024 మార్గదర్శకాలు షుగర్ ఉన్నవాళ్లకు మైనస్ 2.0 నుంచే ఎముక మందుల గురించి ఆలోచించమన్నది ఇందుకే. చిన్నగా పడినందుకే తుంటో వెన్నో విరిగితే ఇక స్కోరుతో పనిలేదు, మందు గురించి అడగండి. నడుము స్కోరు ఒక్కటే చూసి మురిసిపోకండి. వయసుతో అక్కడ పెరిగే ఎముక ముళ్లు దాన్ని పెంచి చూపిస్తాయి. తుంటి స్కోరు నమ్మదగ్గది. రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో చెప్పే ఫ్రాక్స్ మామూలు లెక్కలో టైప్ 2కి గడి లేదు. దానికి బదులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) దగ్గర 'అవును' పెట్టి లెక్క కట్టడం మా వాళ్ల పాత చిట్కా.

సమస్య: షుగర్ అదుపులోనే ఉంది, అయినా ఎముకలు విరుగుతున్నాయి.

మందుల చీటీలో పియోగ్లిటాజోన్ అనే షుగర్ మాత్ర ఉందేమో చూడండి. పైన చెప్పిన మూలుగలోని మూలకణాలను అదీ కొవ్వు వైపే తిప్పుతుంది. ముఖ్యంగా ఆడవాళ్లలో ఫ్రాక్చర్లు పెంచుతుంది. మీ అంతట మీరు ఆపేయకుండా, రాసిన డాక్టర్నే అడిగి మార్పించుకోండి.

సమస్య: రాత్రిళ్లు పడిపోతున్నారు.

పడిన వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. తక్కువ వస్తే ఇన్సులిన్ డోసో, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో తగ్గించాల్సి ఉంటుంది. సరిగ్గా ఉంటే పాదాల తిమ్మిరి, కంటిచూపు, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, ఈ మూడూ చూపించుకోండి.

సమస్య: ఒక పాదం ఎర్రగా వాచింది, నొప్పి పెద్దగా లేదు.

చేతి వెనకవైపుతో రెండు పాదాలూ తాకి చూడండి. వాచింది వేడిగా తగిలితే షార్కో పాదం (నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలు, కీళ్లు చెడిపోవడం) కావచ్చు. మొదట్లో చాలాసార్లు ఎక్స్‌రే నార్మల్‌గానే ఉంటుంది, దాన్ని చూసి నడిచేస్తే లోపలి ఎముకలు నుగ్గవుతాయి. ఆ కాలు కింద మోపకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

టైప్ 1 వాళ్లకు స్కోరే తక్కువ వస్తుంది కాబట్టి అక్కడ స్కాన్ ఇంతగా మోసం చేయదు. పారాథైరాయిడ్ గ్రంథి జబ్బు, మైలోమా అనే మూలుగ క్యాన్సర్ లాంటి వేరే కారణాలూ ఉండొచ్చు. రక్త పరీక్షల్లో కాల్షియం, విటమిన్ డి, కిడ్నీతో పాటు వాటినీ డాక్టర్ చూసేస్తారు.