క్లస్టర్‌కో విండో, విండోకో కాన్ఫిగ్
మడికొండ ఐటీ పార్కులో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో, కుబెర్నెటీస్ (యాప్‌లను చాలా సర్వర్లపై నడిపే వ్యవస్థ) ఎక్స్‌టెన్షన్ నుంచి క్లస్టర్ (ఆ సర్వర్ల గుంపు) మారిస్తే అది ఆ విండోతో ఆగదు. కరెంట్ కాంటెక్స్ట్, అంటే ఇప్పుడు ఏ క్లస్టర్‌తో పని అన్న గుర్తు, క్లస్టర్ల వివరాలుండే క్యూబ్‌కాన్ఫిగ్ ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి, అదే ఫైల్ వాడే టెర్మినళ్లన్నీ కొత్త క్లస్టర్‌కి మళ్లుతాయి. టెస్టింగ్ అనుకుని కొట్టిన డిలీట్ వెళ్లి, అసలు యూజర్లు వాడే ప్రొడక్షన్‌లో పడేది ఇలాగే.

అందుకే ఒక్కో క్లస్టర్‌కి విడిగా కాన్ఫిగ్ ఫైల్ పెట్టండి. ప్రాజెక్ట్ వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో, టెర్మినల్ ఎన్విరాన్‌మెంట్ దగ్గర, క్యూబ్‌కాన్ఫిగ్ (KUBECONFIG) వేరియబుల్‌కి ఆ ఫైల్ పాత్ ఇవ్వండి. ఇక ఆ విండోలో కొత్తగా తెరిచే టెర్మినల్ ఆ క్లస్టర్‌తోనే మాట్లాడుతుంది. ఎక్స్‌టెన్షన్ ప్యానెల్‌కి మాత్రం ఇది సరిపోదు, దాని సెట్టింగ్స్‌లోనూ అదే పాత్ ఇవ్వాలి. చాలామంది మరిచేది ఇదే.

ప్రొడక్షన్ విండో స్టేటస్ బార్‌కి ఎరుపు రంగు కూడా పెట్టుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది.