పిల్లల భద్రత, 4వ పాఠం: ‘అమ్మకి చెప్పకు’ అన్నది ఎవరైనా సరే

పోయిన పాఠంలో ఇంటి అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు పిల్లలకి కంఠతా రావాలని చెప్పుకున్నాం. ఇంకా రాకపోతే ఈ పాఠం వారం ఆగి మొదలుపెట్టండి. నంబరు నోటికి రాని పిల్లకి ఇక్కడ చెప్పేవి సగమే పనికొస్తాయి.

ఈసారి నేర్పేది ఒకటే. మనిషిని చూసి కాకుండా, ఆ మనిషి ఏం అడుగుతున్నాడో దాన్నిబట్టి ప్రమాదాన్ని గుర్తుపట్టడం.

మన ఇళ్లలో మొదట చెప్పే మాట ‘తెలియనివాళ్లతో మాట్లాడొద్దు’. మన పిల్లలకి తెలియనివాళ్లంటూ ఎవరున్నారు? ఆటో నడిపే ఆయన అంకుల్, కిరాణా కొట్టాయన తాతయ్య, రైల్లో ఎదురు సీటావిడ ఆంటీ. ఆవిడ బిస్కెట్ ఇస్తే “తీసుకో నాన్నా, పర్లేదు” అనేది కూడా మనమే. పైగా ముప్పు ఎక్కువగా అటునుంచి రావడం లేదు. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం కింద నమోదయ్యే అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బిడ్డకి తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటా చెబుతున్నాయి. మనకేమో కొత్త ముఖమంటేనే భయం. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ పాపం తెలియనివాళ్లని కొట్టారు. ప్రాణాలూ పోయాయి.

కాబట్టి ముఖాల సంగతి వదిలేసి మాటలు నేర్పండి. మొదటిది: “అమ్మే పంపింది, నాతో రా.” దీనికి ఇంటిల్లిపాదీ కలిసి ఒక గుర్తు మాట పెట్టుకోవాలి. దేవుడి పేరు, ముద్దుపేరు వద్దు, ఎవరైనా ఊహించేస్తారు. ‘గోంగూర పిజ్జా’ లాంటిదైతే పిల్లలకి నవ్వొస్తుంది, గుర్తూ ఉంటుంది. తర్వాత ఇంట్లోనే ఆడించండి.

“చిన్నీ, మీ నాన్నకి యాక్సిడెంట్ అయిందమ్మా, బండెక్కు.”

“మా ఇంటి మాట చెప్పండి.”

“ఇప్పుడవన్నీ ఎందుకు? టైం లేదు, త్వరగా రా!”

ఇక మాటలు ఆపెయ్యాలి. పాప వెనక్కి తిరిగి స్కూలు గేటు లోపలికి పరుగెత్తి టీచర్‌కి చెప్పాలి. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. అందుకే పరుగెత్తడం కూడా నిజంగా చేయించాలి, నోటితో చెప్పిస్తే చాలదు. ఆ గుర్తు మాట ఒక్కసారి బయటివాళ్లకి చెప్పాల్సి వచ్చిందా, ఆ రాత్రే మార్చెయ్యండి.

రెండోది: “ఇది మనిద్దరి మధ్యే, అమ్మకి చెప్పకు.” ఇది అన్నిటికన్నా కష్టమైన భాగం. ఎందుకంటే ఈ మాట పిల్లలు మొదట వినేది మన నోటనే. అమ్మమ్మ చాక్లెట్ చేతిలో పెట్టి “అమ్మకి చెప్పకు” అంటుంది. నాన్న ఐస్‌క్రీం కొనిపెట్టి అదే అంటాడు. ప్రేమగా ఉండేవాళ్లు దాచమంటారు, దాస్తే బహుమతి దొరుకుతుంది. పిల్లల మనసులో ఈ లెక్క కుదిరిపోతే రేపు ఇంకొకడు దాన్ని వాడుకుంటాడు. ముందు పెద్దవాళ్లు మానాలి. అమ్మమ్మకి నచ్చజెప్పడం పాఠం రాసినంత తేలిక కాదు, తెలుసు. అయినా చాక్లెట్ ఇవ్వనివ్వండి, దాచమనడం ఒక్కటే ఆపించండి.

మరి నాన్న పుట్టినరోజు కేకు దాచొచ్చా? దాచొచ్చు. అది సర్‌ప్రైజ్, రేపటికి అందరికీ తెలిసిపోతుంది. ఎప్పటికీ ఎవరికీ చెప్పొద్దన్నదైతే ఇంట్లో చెప్పి తీరాల్సిందే. ఈ తేడా ఐదేళ్ల పిల్లలకి కూడా అర్థమవుతుంది.

ఫోన్‌లోనూ ఇదే సూత్రం. ఫ్రీ ఫైర్ మ్యాక్స్, రోబ్లాక్స్ లాంటి ఆన్‌లైన్ ఆటల్లో నెల రోజులు కలిసి ఆడినవాడు మీ అబ్బాయి దృష్టిలో అపరిచితుడు కాదు, ‘బ్రో’. వాడు ముందు ఆటలో వాడుకునే డైమండ్స్ ఇప్పిస్తానంటాడు. తర్వాత “ఇక్కడొద్దు, వాట్సాప్‌లోకి రా” అంటాడు. ఆపైన బట్టల్లేని ఫొటో అడుగుతాడు, చివరికి “చాట్ డిలీట్ చెయ్, ఇంట్లో చూస్తారు.” చోటు మార్చమన్నా, దాచమన్నా, ఓటీపీ చెప్పమన్నా ఆట ఆపి మీ దగ్గరికి రావాలి. వస్తే తిట్టకూడదు. పిల్లలు చెప్పకపోవడానికి పెద్ద కారణం ఆ బ్రో మీద భయం కాదు, ఫోన్ లాక్కుంటారన్న టెన్షన్. “చెప్పినందుకు ఫోన్ తీసుకోను” అని ముందే మాటివ్వండి, నిలబెట్టుకోండి.

అప్పటికే బిడ్డ అలాంటి ఫొటో పంపేసి, అవతలివాడు దాంతో బెదిరిస్తుంటే డబ్బు కట్టకండి, చాట్ చెరపకండి. అవతలివాడి ఐడీ, నంబరు, బెదిరింపు మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బిడ్డ ఫొటోని మాత్రం బంధువులకీ స్నేహితులకీ పంపొద్దు. సాయం కోసమే అయినా అలాంటి ఫొటో పంచడం చట్టం దృష్టిలో నేరం కావచ్చు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పిల్లల సహాయానికి 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు వారి అలాంటి ఫొటోలు సోషల్ మీడియాలో వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. దానికి ఫొటోని పంపక్కర్లేదు, మన ఫోన్‌లోనే దాని గుర్తు సంఖ్య తయారై అదొక్కటే వెళ్తుంది.

జాతరల్లో, స్టేషన్లలో తప్పిపోవడం గురించి ఆరో పాఠంలో వివరంగా చూద్దాం. ఈలోగా ఒక్క అలవాటు మానండి. “అన్నం తినకపోతే పోలీసుకి పట్టిస్తా” అని రోజూ విన్న పిల్లవాడు మేడారంలో తప్పిపోతే ఖాకీ బట్టలు చూసి దాక్కుంటాడు.

ఈ వారం అభ్యాసం: గుర్తు మాట అందరూ కలిసి ఎంచుకోండి. స్కూలు గేటు ఆట రెండు మూడుసార్లు, ప్రతిసారీ కొత్త సాకుతో ఆడించండి. ఒకసారి పిల్లలకి బాగా చనువున్న పిన్నినో మామయ్యనో ఆ సాకు చెప్పమనండి. తెలిసినవాళ్లని కూడా మాట అడుగుతున్నారో లేదో చూసి, అడగకపోతే ఐదో పాఠంలోకి వెళ్లకుండా దీన్నే మళ్లీ చేయించండి.