మీ క్లబ్ ఆల్‌టైమ్ జట్టును ఎలా ఎంచుకోవాలి? ఈస్ట్ బెంగాల్ ఉదాహరణతో

కోల్‌కతా ఫుట్‌బాల్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ పాత ప్రత్యర్థి క్లబ్బులు, వాటి మధ్య జరిగే మ్యాచే డెర్బీ. డెర్బీలో ఈస్ట్ బెంగాల్ గెలిచిందంటే ఆ రాత్రి కోల్‌కతా ఇళ్లలో ఇలిష్ చేప వండాల్సిందే. ఇలిష్ అంటే మన గోదారోళ్ల పులసే. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న మా తెలుగు కుటుంబాల్లో కూడా ఈ ఆచారం అలాగే నడిచేది. పులుసు అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మా పెదనాన్న అరుగు మీద కూర్చుని ఒకటే ప్రశ్న వేసేవాడు: "ఒరే, క్లబ్ పుట్టిన కాణ్ణుంచీ చూస్తే మన పదకొండు మంది ఎవర్రా?"

ఇక అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా వాదనే. ఒక్కసారి కూడా జట్టు పూర్తి కాలేదు. ఎందుకు కాలేదో నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. మేం పేర్లతో మొదలుపెట్టేవాళ్లం. ఎవరికి వాళ్లు తమ హీరోను ముందే లోపల కూర్చోబెట్టి, అతనికి సరిపోయే నియమం తర్వాత వెతికేవాళ్లు. ఆ వరస తిరగేస్తే పని జరుగుతుంది. ముందు నియమాలు, ఆ తర్వాతే పేర్లు. మీది ఏ క్లబ్ అయినా పద్ధతి ఇదే. నాకు బాగా తెలిసింది ఈస్ట్ బెంగాల్ కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడి నుంచే చెబుతాను.

1. ముందు మనుషుల్ని కూర్చోబెట్టండి

అయిదుగురో ఏడుగురో చాలు. బేసి సంఖ్య అయితే ఓట్లు సమానంగా చీలవు. అరవై దాటినవాళ్లు ఒకరు, పాతికలోపు వాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. అందరూ ఒకే వయసు వాళ్లయితే మీకు వచ్చేది ఆల్‌టైమ్ జట్టు కాదు, మీ కాలేజీ రోజుల జట్టు.

ఇంకో మనిషిని కూడా పిలవండి: ఎదుటి క్లబ్ అభిమాని. అతనికి ఓటు ఇవ్వొద్దు, మాట ఇవ్వండి. మనవాళ్లలో ఎవరి కాలికి బంతి అందితే తన గుండె జారిపోయేదో అతనే నిజం చెబుతాడు. మనం ప్రేమతో మాట్లాడతాం, అతను భయంతో మాట్లాడతాడు. రెండో సాక్ష్యానికే బరువెక్కువ.

2. పేరు ఎత్తకముందే నియమాలు కాగితం మీద పెట్టండి

మొదటిది, ఎన్ని సీజన్లు ఆడితే మనవాడు? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ జట్టు ముఖమే మార్చేస్తుంది. ఇరాన్ నుంచి వచ్చి అలీగఢ్‌లో చదువుకుంటూ 1980లో ఈస్ట్ బెంగాల్‌లో చేరిన మజీద్ బిష్కర్ సంగతే చూడండి. కోల్‌కతా మైదాన్‌కు, అంటే అక్కడి క్లబ్బుల ఫుట్‌బాల్‌కు, వచ్చిన విదేశీయుల్లో అంతటి ఆటగాడు మరొకడు లేడనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. 2019లో క్లబ్ శతాబ్ది ఉత్సవాలకు అతను కోల్‌కతా వస్తే జనం విరగబడ్డారు. కానీ ఎరుపు బంగారు చొక్కాలో అతను ఆడింది రెండే సీజన్లు. కనీసం మూడు అని రాసుకుంటే మజీద్ పోతాడు, రెండు అంటే ఉంటాడు. అందుకే అంకె ముందే వేసుకోవాలి. మజీద్ పేరు వచ్చాక అంకె గురించి మాట్లాడితే అది మజీద్ మీద వాదన అవుతుంది. నా ఓటు రెండు సీజన్లకే. క్లబ్ జ్ఞాపకంలో ఇంత లోతుగా దిగిన మనిషిని సంవత్సరాలు లెక్కేసి బయట నిలబెట్టడం నాకు న్యాయం అనిపించదు.

రెండోది, మన చొక్కాలో చేసిందే లెక్క. కోల్‌కతాలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడి పెద్ద ఆటగాళ్లలో చాలామంది ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడు క్లబ్బులూ తిరిగినవాళ్లే. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ ఈడెన్ గార్డెన్స్‌లో 2-2తో డ్రా చేసుకుంది. ఆ రెండు గోల్స్ కొట్టింది శ్యామ్ థాపా, మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్. మిడ్‌ఫీల్డ్‌లో పెలేకు అడ్డం నిలిచింది గౌతమ్ సర్కార్. ముగ్గురూ అంతకుముందు ఈస్ట్ బెంగాల్ జట్టుకు ప్రాణం పోసినవాళ్లే. అయినా ఆ మ్యాచ్ ఘనత మోహన్ బగాన్ ఖాతాలోది. దాన్ని మన జాబితాకు తెచ్చుకోకూడదు, దాని మీద కోపంతో వాళ్ల పేర్లు కొట్టేయనూ కూడదు. దేశం తరఫున ఆడిన ఆట కూడా ఇంతే. ఇద్దరు సరిసమానంగా నిలిచినప్పుడు తక్కెడ మొగ్గడానికి మాత్రం వాడుకోండి.

మూడోది, జట్టు ఆకారం. డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌లు ఎందరెందరో, 4-3-3 అయినా, 4-4-2 అయినా ఇప్పుడే తేల్చండి. లేకపోతే చివరికి ఏడుగురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెండర్లు మిగులుతారు. అభిమానులకు గోల్ కొట్టినవాడు గుర్తుంటాడు, గోల్ ఆపినవాడు గుర్తుండడు.

3. దశాబ్దాల వారీగా పొడుగు జాబితా

ఒక పెద్ద కాగితం తీసుకుని క్లబ్ పుట్టిన సంవత్సరం నుంచి పదేసి ఏళ్ల గళ్లు గీయండి. ఈస్ట్ బెంగాల్‌కు అది 1920. ప్రతి గడిలో కనీసం రెండు పేర్లు పడాలి. తుది జట్టులో ప్రతి దశాబ్దానికీ చోటు ఇవ్వాలని కాదు. ఖాళీ గడి కనిపిస్తే అక్కడ మంచి ఆటగాళ్లు లేరని కాదు, మనకు తెలియదని అర్థం. ముందు ఆ గడి వాళ్ల గురించి చదివి, అడిగి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి.

4. కళ్లతో చూడని ఆటగాణ్ణి ఎలా తూచాలి?

ఈ పని మొత్తంలో కష్టమైనదీ, నాకు ఇష్టమైనదీ ఇదే.

1940ల చివర, 50ల మొదట్లో ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో అయిదుగురు ఉండేవారు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. బెంగాలీలు వాళ్లను పంచపాండవులు అన్నారు. అప్పారావు అన్న పేరు వింటే మన చెవులు వాటంతటవే అటు తిరుగుతాయి. ఆ అయిదుగురి కాలంలోనే క్లబ్ 1949, 1950, 1951లో కోల్‌కతాలో జరిగే పాత పెద్ద టోర్నీ ఐఎఫ్‌ఏ షీల్డ్‌ను వరసగా మూడుసార్లు గెలిచింది. మనం మ్యాచ్ మొత్తం కూర్చుని చూడగలిగే వీడియో లేదు. మరి వాళ్లను 1997 నాటి బైచుంగ్ భూటియా పక్కన పెట్టి ఎలా పోల్చాలి? ఆ ఏడాది ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌లో సాల్ట్ లేక్ స్టేడియంలో 1,31,781 మంది ముందు బైచుంగ్ మోహన్ బగాన్ మీద హ్యాట్రిక్ కొట్టాడు, మనం 4-1తో గెలిచాం. ఆ మ్యాచ్ చూసినవాళ్లు లక్ష మందికి పైనే. వెంకటేశ్ ఆట చూసినవాళ్లు మీ వీధిలో ఒక్కరైనా ఉన్నారా?

నేను చేసేది ఇది. అతని కాలంలో జట్టు ఏం గెలిచిందో చూస్తాను. అతని తోటివాళ్లు, ముఖ్యంగా ఎదురాడినవాళ్లు, అతని గురించి ఏం చెప్పారో వెతుకుతాను. ఆ రోజుల పత్రికల్లో ఓడిన మ్యాచ్‌ల రిపోర్టులు చదువుతాను. గెలిచినప్పుడు అందర్నీ పొగుడుతారు, ఓడినప్పుడు కూడా ఎవరి ఆటను మెచ్చుకున్నారో అదే నమ్మదగ్గ మాట. నేలనూ మర్చిపోకూడదు. కోల్‌కతా లీగ్ వానాకాలంలో బురదలో జరిగేది, ఆ తరంలో బూట్లు లేకుండా ఆడినవాళ్లు ఎందరో.

పెద్దల్ని అడిగేటప్పుడు "ఎవరు గొప్ప?" అని అడగొద్దు. ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. మా పెదనాన్నను నేను ఒకసారి వేరేగా అడిగాను.

"పెదనాన్నా, బలరామ్ కాలికి బంతి వస్తే గ్యాలరీలో మీరేం చేసేవారు?"

ఆయన కాసేపు ఆగి అన్నాడు: "అరవడం మానేసేవాళ్లం రా. ఏం చేస్తాడో చూడాలి కదా."

తులసీదాస్ బలరామ్ గురించి నేను చదివిన వ్యాసాల్లో ఏదీ నాకు ఇంతగా చెప్పలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, హైదరాబాద్ సిటీ పోలీస్‌కు ఆడి, 1957లో ఈస్ట్ బెంగాల్ చేరిన మనిషి. 1961లో కెప్టెన్‌గా కోల్‌కతా లీగ్ గెలిపించాడు. జబ్బు చేసి ముప్పై రాకముందే ఆట మానేశాడు. తర్వాత మా సౌత్ ఈస్టర్న్ రైల్వేలోనే ఉద్యోగం, కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో నివాసం, 2023 ఫిబ్రవరిలో మరణం. పెదనాన్న చెప్పిన ఆ ఒక్క మాటతో నా జట్టులో ఎడమ వైపు అతని చోటు ఖాయమైంది.

ఒక జాగ్రత్త. పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో చూసిన ఆటగాడే ఎవరికైనా దేవుడు. 1970 నుంచి 75 దాకా వరసగా ఆరు లీగ్‌లు గెలిచిన జట్టును కుర్రతనంలో చూసినవాళ్లు ఇప్పుడు మన పెద్దలు. కాబట్టి కథలన్నీ ఆ జట్టు చుట్టూనే తిరుగుతాయి. వాళ్ల మాట పూర్తిగా వినండి, అయితే ఆ దశాబ్దం నుంచి నలుగురికి మించి వస్తుంటే ఒక్కసారి ఆగి మళ్లీ చూడండి.

5. వెనక నుంచి ముందుకు నింపండి

గోల్‌కీపర్‌తో మొదలుపెట్టండి, ఫార్వర్డ్‌లను చివరికి ఉంచండి. ముందు వరస తేలాక ఎవరికీ వెనక గురించి మాట్లాడే ఓపిక ఉండదు.

ఈస్ట్ బెంగాల్ గోల్ దగ్గర గట్టి పోటీ పీటర్ తంగరాజ్, భాస్కర్ గంగూలీల మధ్యే. తంగరాజ్ నిజాం హైదరాబాద్ రాజ్యంలో పుట్టినవాడు, కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. భాస్కర్ కథ వేరు. 1975 సెప్టెంబర్ 30న ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను ఓడించినప్పుడు అవతలి గోల్‌లో ఉన్నది అతనే. నాలుగు గోల్స్ పడ్డాక అతన్ని బయటికి పిలిచేశారు. మరుసటి ఏడాది అతన్ని మనమే తెచ్చుకున్నాం, పదేళ్లకు పైగా మన గోల్ కాశాడు, 1982 ఆసియా క్రీడల్లో దేశానికి కెప్టెన్ అయ్యాడు. మన చొక్కాలో చేసిందే లెక్క అన్నాం కదా, నా ఓటు భాస్కర్‌కు. మా పెదనాన్న ఓటు తంగరాజ్‌కు, ఆయన చివరిదాకా మారలేదు.

వెనక వరసలో సుధీర్ కర్మాకర్, మనోరంజన్ భట్టాచార్య, హైదరాబాద్ నుంచి వచ్చిన సయ్యద్ నయీముద్దీన్ పేర్లు లేకుండా చర్చ మొదలవదు.

పాత స్థానాలను ఇప్పటి ఆకారంలోకి మార్చడం కాస్త చాకచక్యం కావాల్సిన పని. 1950ల్లో ముందు అయిదుగురు ఆడేవారు. ఆ రోజుల ఇన్‌సైడ్ ఫార్వర్డ్ పని ఇప్పటి అటాకింగ్ మిడ్‌ఫీల్డర్‌కు దగ్గర. అందుకే అహ్మద్ ఖాన్‌ను నేను మిడ్‌ఫీల్డ్‌లో పెడతాను, అప్పుడు ముందు ఒక చోటు ఖాళీ అవుతుంది. హబీబ్ కూడా వెనక్కి దిగి బంతి అందుకుని జట్టంతా తిప్పేవాడు కాబట్టి మధ్యలోనే సరి. అక్కడ కృశాను డే కూడా ఉన్నాడు, ఎడమ కాలితో బంతిని దారంలా నేసినవాడు. ముగ్గురూ సృష్టించేవాళ్లే అయితే బంతి లాక్కునేదెవరు? ఈ ప్రశ్న అడిగితే గౌతమ్ సర్కార్ విలువ తెలుస్తుంది. పదకొండు గొప్ప పేర్లు రాస్తే జట్టు కాదు. ఈ పదకొండు మంది రేపు మైదానంలో దిగితే ఎలా ఆడతారో కళ్లు మూసుకుని ఒకసారి చూసుకోండి.

6. ఓటు రహస్యంగా, వాదన బహిరంగంగా

ముందు ఎవరి కాగితం మీద వాళ్లు పదకొండు పేర్లు రాసి మడిచి పెట్టాలి. గట్టి గొంతు ఉన్నవాడు మొదట మాట్లాడితే మిగతావాళ్లు జారిపోతారు. కాగితాలు విప్పాక మూడింట రెండొంతుల మంది రాసిన పేర్లను అప్పటికప్పుడే ఖాయం చేయండి. మా అనుభవంలో ఆరేడు చోట్లు అలాగే నిండిపోతాయి. వాదన మిగిలిన నాలుగైదింటి మీదే జరగాలి. ప్రతి చోటుకూ ఇద్దర్నే నిలబెట్టి, ఒక్కొక్కరి తరఫున ఒకరు అయిదు నిమిషాలు మాట్లాడి, మళ్లీ ఓటు వేయండి. ఓడినవాళ్లు బెంచి మీదకు వెళ్తారు.

కోచ్ కోసం పెద్దగా తంటాలు పడక్కర్లేదు. ఈస్ట్ బెంగాల్‌కు ఆటగాడిగా ఎన్నడూ ఆడని పి.కె. బెనర్జీ 1972లో కోచ్‌గా వచ్చి క్లబ్‌ను శిఖరానికి చేర్చాడు. కెప్టెన్‌ను మాత్రం గోల్స్ చూసి ఎంచుకోవద్దు. ఓడిపోతున్న మ్యాచ్‌లో మిగతా పదిమంది ఎవరి ముఖం వైపు చూసేవారో ఆ మనిషికి పట్టీ కట్టండి. నా జట్టులో అది హబీబ్. తోటివాళ్లు బడే మియా అని పిలిచింది ఊరికే కాదు.

7. కారణంతో సహా రాసి, తేదీ వేయండి

ప్రతి పేరు పక్కన ఒక్క వాక్యం రాయండి, ఎందుకు ఎంచుకున్నామో. ఓట్లు ఎలా పడ్డాయో, ఎవరు ఒప్పుకోలేదో కూడా రాయండి. అయిదేళ్ల తర్వాత మళ్లీ కూర్చున్నప్పుడు పేర్ల కంటే ఆ కారణాలే ఎక్కువ పనికొస్తాయి. పెద్దలు మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు పెట్టండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను. పెదనాన్న గొంతు నా దగ్గర పదకొండు నిమిషాలే ఉంది, అందులో సగం తంగరాజ్ గురించే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఈ పద్ధతిని ముందు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు వాడండి. రహీమ్ సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరసగా అయిదుసార్లు గెలిచిన జట్టు అది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్, లాయక్, యూసుఫ్ ఖాన్, బలరామ్... జాబితా సగం దానంతటదే నిండుతుంది. ఆ జట్టు ఆడగా చూసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. వచ్చే ఆదివారమే వాళ్ల ఇంటికి వెళ్లి, బలరామ్ కాలికి బంతి వస్తే గ్యాలరీలో ఏం చేసేవారో అడగండి.